తెలియక కాదు

కొన్నేళ్ళు నేను ఆరోగ్య కరపత్రాలు రాసే ఉద్యోగం చేశాను. షుగర్ మీద రాసిన మొదటి కరపత్రాన్ని అచ్చుకు పంపేముందు మా చిన్నాయనకు చూపించాను. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. అప్పటికే పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది. హైదరాబాద్ విద్యానగర్‌లో ఇంటికి దగ్గరున్న టీ బండి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఒకచోట వేలు పెట్టి ఆగాడు. "ఫాస్టింగ్ 126, ఆపైన ఉంటే షుగర్ అని రాయాలె. నువ్వు 162 అని కొట్టినవ్ బిడ్డా."

నిజమే, అంకెలు తారుమారయ్యాయి. నేను పెన్ను తీసి దిద్దుకుంటుంటే ఆయన రెండో టీ చెప్పాడు. ఆ బండి మీద టీ అంటే పాలు, టీ పొడి, చక్కెర అన్నీ ఒకే గిన్నెలో మరిగినదే. అందులో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తింటూ, మూడు నెలల షుగర్ పరీక్ష అంటే ఏమిటో, ముందు రోజు పస్తున్నా ఆ అంకె ఎందుకు తగ్గదో నాకు విడమరిచి చెప్పాడు. ఒక్క తప్పు లేదు.

ఆ రోజు నాకు నా ఉద్యోగం మీదే అనుమానం వచ్చింది. కరపత్రం రాసేవాడి లెక్క చాలా తేలిక: జనానికి తెలియదు, మనం చెబుతాం, వాళ్ళు తెలుసుకుంటారు, మారతారు. దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటేనని, ఇంకో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. తమకు జబ్బుందనే తెలియనివాళ్ళు వీళ్ళలో ఉంటారు. వాళ్ళకు కరపత్రం పనికొస్తుంది. మరి నా కరపత్రంలో తప్పు పట్టగలిగిన మనిషికి నేనేం రాయాలి?

అన్నీ తెలిసీ చేయని మనిషి గురించి ఆలోచించడం దాదాపు 70 ఏళ్ళుగా ఒక శాస్త్రమైపోయింది. మనుషుల ప్రవర్తన ఎలా మారుతుందో చెప్పే సిద్ధాంతాలను కొందరు పరిశోధకులు పోగేసి లెక్కపెట్టి, 2015లో ప్రచురించారు. 82 తేలాయి. అవన్నీ చెప్పడం మొదలుపెడితే చిన్నాయన మూడో టీ కూడా చెబుతాడు. నాకు పనికొచ్చినవి ఐదారు. వాటిని పోటీ పడే సిద్ధాంతాలుగా కాకుండా, తీగ ఎక్కడ తెగిందో వెతికే టెస్టర్లలా వాడుకోవడం నాకు అలవాటైంది. బల్బు వెలగకపోతే ఎలక్ట్రీషియన్ ఊరికే బల్బు మార్చడు, ముందు ప్లగ్గు చూస్తాడు, తర్వాత స్విచ్చు, తర్వాత ఫ్యూజు. మా ఆఫీసులో మేం చేసిందల్లా బల్బులు మార్చడమే.

మొదటిది 1950ల నాటి అమెరికాది. అక్కడ క్షయను ముందే పట్టుకోవడానికి ప్రభుత్వం ఎక్స్‌రే వ్యాన్లను పేటల్లోకే పంపింది. పైసా ఖర్చు లేదు, దూరం లేదు. అయినా అనుకున్నంత మంది రాలేదు. ఎందుకు రాలేదో చూడమని ప్రజారోగ్య శాఖ తన మనస్తత్వవేత్తలకు అప్పగించింది. వాళ్ళలో గాడ్‌ఫ్రే హాక్‌బామ్ మూడు నగరాల్లో 1200 మందికి పైగా జనాన్ని అడిగి చూశాడు. 'క్షయ నాకూ రావచ్చు', 'ముందే తెలిస్తే మేలు' అనే రెండు నమ్మకాలూ ఉన్నవాళ్ళలో 82 శాతం మంది తమంతట తాము ఎక్స్‌రే తీయించుకున్నారు. రెండూ లేనివాళ్ళలో 21 శాతమే. ఇక్కడి నుంచి పుట్టింది హెల్త్ బిలీఫ్ మోడల్. జబ్బు నాకు వస్తుందా, వస్తే ఎంత నష్టం, చెప్పిన పని చేస్తే లాభమెంత, దానికి అడ్డేమిటి, చివరగా 'ఇక లే' అని తట్టేది ఏమన్నా ఉందా అని మనసు వేసుకునే లెక్క అది. 'నా వల్ల అవుతుందా' అనే ప్రశ్నను 1988లో దీనికి కలిపారు.

చిన్నాయన లెక్క ఇలా ఉండేది. "మా నాయినకు షుగరే. 84 ఏండ్లు బతికిండు." అంటే జబ్బు ఉందని ఒప్పుకుంటాడు, అది తనను ఏమన్నా చేస్తుందని ఒప్పుకోడు. ఇంతలో పక్కింటాయనకు పుండు మానక కాలి వేలు తీసేశారు. మర్నాడు తెల్లారి ఐదున్నరకు చిన్నాయన ఉస్మానియా క్యాంపస్‌లో నడుస్తూ కనిపించాడు. ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్ళి రావడం. తట్టే చెయ్యి దొరికింది, సిద్ధాంతం గెలిచిందనుకున్నాను. మూడు వారాలు. పక్కింటాయన కట్టు విప్పి చెప్పులేసుకుని తిరగడం మొదలుపెట్టేసరికి, ఈయన మళ్ళీ బండి దగ్గర తేలాడు.

భయం ఆయుర్దాయం అంతే. ఈ మాట మన ప్రచారాలు చేసేవాళ్ళకు ఎందుకు రుచించదో నాకు తెలియదు. కుళ్ళిన ఊపిరితిత్తుల బొమ్మ, తెగిన వేలి బొమ్మ లేకుండా పోస్టర్ పూర్తయిందని ఎవరూ అనుకోరు. 1965లో యేల్ యూనివర్సిటీలో హోవర్డ్ లెవెంథాల్, ఆయన సహచరులు విద్యార్థులకు ధనుర్వాతం మీద బుక్‌లెట్లు ఇచ్చారు. కొందరికి ఒళ్ళు జలదరించే వివరాలతో, కొందరికి నెమ్మదిగా చెప్పేవి. భయపెట్టినవి చదివినవాళ్ళు టీకా చాలా ముఖ్యమన్నారు, వేయించుకుంటామన్నారు. తీరా చూస్తే వేయించుకున్నది దాదాపు 3 శాతం. ఇంకొందరికి వాటితో పాటు క్యాంపస్ మ్యాపు ఇచ్చి, హెల్త్ సెంటర్ చుట్టూ గీత గీసి, టీకా వేసే వేళలు రాసి, నీ వారంలో ఏ రోజు ఎటు నుంచి వెళ్ళడం వీలవుతుందో చూసుకో అన్నారు. 28 శాతం మంది వెళ్ళారు. ఆ సెంటర్ ఎక్కడుందో వాళ్ళకు ముందే తెలుసు. మ్యాపు కొత్తగా చెప్పిందేమీ లేదు.

'చెయ్యాలి' అనుకోవడానికీ చెయ్యడానికీ మధ్య ఇంత పెద్ద గొయ్యి ఉందని ఒప్పుకున్నాక, దాని మీద పలక వేసిన మనిషి జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్. ఆయన చెప్పింది మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు తెలిసినదే: సంకల్పం చెప్పుకుంటే చాలదు, ముహూర్తం పెట్టుకోవాలి. 'ఫలానా వేళకు, ఫలానా చోట ఉన్నప్పుడు, ఫలానా పని చేస్తాను' అని ముందే ముడి వేసుకోవడం. 2002లో అచ్చయిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో విద్యార్థులను వారంలో ఒక్కసారి 20 నిమిషాలు గట్టిగా వ్యాయామం చేయమన్నారు. ఊరికే వదిలేసినవాళ్ళలో 38 శాతం చేశారు. గుండెజబ్బు గురించి చదివించి ఉత్సాహపరిచినవాళ్ళలో 35 శాతం. అదే చదువుతో పాటు ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ అని కాగితం మీద రాయించినవాళ్ళలో 91 శాతం. నా కరపత్రం ఆ 35 శాతం రకం. రెండేళ్ళ జీతం దానికే తీసుకున్నాను.

మన దగ్గర ఈ ముడి వేసిన ప్రచారాలు లేకపోలేదు. దోమ మలేరియాను మోసుకొస్తుందని రోనాల్డ్ రాస్ తేల్చింది ఈ ఊళ్ళోనే, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న. ఆ మాట తెలిసి 120 ఏళ్ళు దాటినా వానాకాలం వస్తే మన డాబాల మీద డ్రమ్ముల్లో దోమపిల్లలు ఈదుతూనే ఉన్నాయి. 2020లో 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' అని పిలుపిచ్చారు గుర్తుందా? డెంగ్యూ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి నీళ్ళు పారబోస్తే చాలు. దోమల గురించి ఏమీ నేర్పకుండా రోజు, గంట, నిమిషాలు చెప్పి వదిలారు. నా దృష్టిలో ఈ నగరంలో వచ్చిన ఆరోగ్య నినాదాల్లో తెలివైనది అదే. సిగరెట్ పెట్టెల మీదా ఇలాంటి సంగతే జరిగింది. 2016 ఏప్రిల్ నుంచి పెట్టె ముందూ వెనకా 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ వచ్చింది. 2016-17 జాతీయ సర్వేలో సిగరెట్ తాగేవాళ్ళలో 62 శాతం మంది ఆ హెచ్చరిక చూసి మానేద్దామని అనుకున్నామన్నారు. అనుకున్నారు. 2018 సెప్టెంబరు నుంచి ఆ బొమ్మ కిందే మానేయడానికి సాయం చేసే నంబరు 1800-11-2356 కూడా అచ్చేస్తున్నారు. యేల్ మ్యాపు అదే.

ఇక మనిషి ఒంటరిగా లెక్కలు వేసుకుంటాడా? ఈ ప్రశ్న మీద మార్టిన్ ఫిష్‌బైన్, ఐసెక్ ఐజెన్ అనే ఇద్దరు పనిచేశారు. తర్వాత ఐజెన్ దాన్ని విస్తరించి, 'థియరీ ఆఫ్ ప్లాన్డ్ బిహేవియర్' పేరుతో 1985లో, 1991లో రాశాడు. మన ఉద్దేశం మూడింటి మీద నిలుస్తుందంటాడు: ఆ పని మీద మన అభిప్రాయం, మనవాళ్ళు ఏమనుకుంటారన్న లెక్క, అది మన చేతిలో ఉందా లేదా అన్న అంచనా. రెండోది అర్థం కావాలంటే హైదరాబాద్‌లో ఏ సిగ్నల్ దగ్గరైనా ఐదు నిమిషాలు నిలబడితే చాలు. హెల్మెట్ మోచేతికి గాజులా వేలాడుతుంటుంది. ముందు పోలీసాయన కెమెరా పట్టుకుని కనిపించగానే తలకెక్కుతుంది, మలుపు తిరగగానే మళ్ళీ మోచేతికి. తల పగలడం గురించి అతనికి తెలియదని ఎవరంటారు? అతని లెక్కలో తల లేదు, చలాన్ ఉంది. వెనక కూర్చున్న దోస్తు ఏమంటాడో అదీ ఉంది.

పెళ్ళిళ్ళలో ఇదే తంతు. చిన్నాయన నిజంగానే ఒకసారి స్వీట్ వద్దన్నాడు. వడ్డించే పిల్లవాడు పోతుంటే ఆడపిల్ల తరఫు పెద్దాయన వచ్చి, "ఏం బావా, మా ఇంట్ల నోరు తీపి చేసుకోవా? ఒక్క దానికి ఏం గాదు" అని స్వయంగా రెండు గులాబ్ జామూన్లు వేశాడు. అక్కడ వద్దంటే షుగర్ పేషెంట్ అని ఎవరూ అనుకోరు, అలిగాడనుకుంటారు. ఇలాంటి చోట ఏ కరపత్రం ఏం చేస్తుంది? రాస్తే ఆ పెద్దాయనకు రాయాలి.

ఆల్బర్ట్ బందూరా మాట ఎత్తకుండా ఈ కథ నడవదు. 1977లో ఆయన 'నా వల్ల అవుతుంది' అనే నమ్మకాన్ని మొత్తం వ్యవహారానికి నడుమ నిలబెట్టాడు. ఆయన ప్రయోగాల్లో పాముకు భయపడేవాళ్ళు ఉండేవారు. వేరేవాళ్ళు పామును పట్టుకుంటుంటే చూసినవాళ్ళకు కొంత ధైర్యం వచ్చింది. పక్కన ఒకరు తోడుండగా మెల్లగా తామే పట్టుకున్నవాళ్ళకు ఇంకా ఎక్కువ వచ్చింది. నమ్మకానికి ఆయన చెప్పిన నాలుగు ఊటలు: సొంతంగా చేసి నెగ్గడం, మనలాంటివాడు చేస్తుంటే చూడటం, మనం గౌరవించే మనిషి 'నీ వల్ల అవుతుంది' అనడం, ఒంట్లో దడ తగ్గడం. అన్నిటికన్నా బలమైనది మొదటిది. 'మనలాంటివాడు' అన్న మాట దగ్గర మాత్రం మన హోర్డింగులు దారి తప్పుతాయి. ఆరు పలకల పొట్టున్న సినిమా హీరో నడవమంటే చిన్నాయనకు నవ్వొస్తుంది. అదే డిపోలో తనతో పాటు బస్సుల కింద దూరి పనిచేసిన దోస్తు ఆరు కిలోలు తగ్గాడని విన్నరోజు ఆయన నాతో ఎక్కువ మాట్లాడలేదు. సాయంత్రం ఇంట్లో బూట్లు వెతికాడని చిన్నమ్మ చెప్పింది.

ఈ సిద్ధాంతాలన్నీ ఒకేచోట పనిచేస్తుంటే చూడాలనుకుంటే కార్తీక మాసంలో బయటికి రండి. మా వీధిలో రోజూ సాయంత్రం వైన్ షాపు ముందు నిలబడే మనిషి ఉన్నాడు. ఎవరు చెప్పినా వినడు. అయ్యప్ప మాల వేసుకున్న రోజు నుంచి 41 రోజులు చుక్క ముట్టడు, సిగరెట్ ముట్టడు, నేల మీద పడుకుంటాడు. ఎలా సాధ్యమవుతోంది? ఒంటి మీద నల్లబట్ట, మెడలో మాల రోజంతా గుర్తుచేస్తుంటాయి. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, పూజ, ఒంటిపూట భోజనం, అన్నీ వేళ ప్రకారం ముందే ముడివేసి ఉంటాయి. కొత్తగా వేసుకున్న కన్నెస్వామికి దారి చూపడానికి గురుస్వామి ఉంటాడు, చుట్టూ తనలాంటివాళ్ళే ఉంటారు. మొదటి వారం నెగ్గితే రెండో వారానికి నమ్మకం దానంతటదే వస్తుంది. నిన్నటిదాకా పేరు పెట్టి తిట్టినవాళ్ళు కూడా 'స్వామీ' అంటారు. ఆ పిలుపు విన్నాక వైన్ షాపు ముందు నిలబడటం ఎంత కష్టమో ఆలోచించండి. భక్తిని నేను తక్కువ చేయడం లేదు. ఆ భక్తిని నిలబెట్టడానికి మన పెద్దలు కట్టిన సారవ ఎంత గట్టిదో చూడమంటున్నాను.

మాల తీసిన వారానికి అతను మళ్ళీ అదే షాపు ముందున్నాడు. 41 రోజుల్లో అలవాటు స్థిరపడాలి కదా అంటారు. 21 రోజులు చాలని కూడా వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. లండన్‌లో 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక చిన్న అలవాటు ఆలోచించకుండా చేసేంతగా కుదురుకోవడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా అంచనా వేశారు. అయితే రోజుల లెక్క కన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. మాల తీసినప్పుడు మాల ఒక్కటే పోలేదు. స్వామీ అన్న పిలుపు పోయింది, తెల్లవారుజాము స్నానం పోయింది, గుంపు పోయింది. సారవ విప్పేశారు, గోడ ఇంకా ఆరలేదు.

మారిన తర్వాత నిలబడటం వేరే పని అని గట్టిగా చెప్పినవాళ్ళు జేమ్స్ ప్రొచాస్కా, కార్లో డిక్లెమెంటే. తమంతట తాము సిగరెట్ మానేసినవాళ్ళను చూసి 1983లో మెట్ల లెక్క చెప్పారు. అసలు ఆలోచనే లేకపోవడం, ఆలోచించడం, సిద్ధపడటం (ఈ మెట్టు తర్వాత చేరింది), చేయడం, నిలబెట్టుకోవడం. ఏ మెట్టు మీదున్నవాడికి ఆ మెట్టుకు తగిన మాట చెప్పాలంటారు. హెల్త్ వర్కర్లకు ఈ మెట్లంటే ఎంతో ఇష్టం, ట్రైనింగుల్లో బొమ్మ గీయడం సులువు కదా. నాకు అంత గురి లేదు. వచ్చే 6 నెలల్లో అనుకుంటే ఒక మెట్టు, 30 రోజుల్లో అనుకుంటే ఇంకో మెట్టు అన్న గీతలు ఎక్కడి నుంచి వచ్చాయని విమర్శకులు అడిగారు. పొగాకు మీద పనిచేసే రాబర్ట్ వెస్ట్ ఈ మోడల్‌ను ఇక పక్కన పెట్టండని 2005లో నేరుగానే రాశాడు. మనుషులు చాలాసార్లు ఏ మెట్టూ ఎక్కకుండా ఒక్క ఉదుటున మానేస్తారన్నది ఆయన వాదన. జారిపడటం పాపం కాదు, దారిలో భాగమే అన్న మాట కోసమైతే నేను ఈ మెట్లను దాచుకుంటాను.

ఆ రాబర్ట్ వెస్టే 2011లో సూసన్ మిషీ, మార్ట్యే వాన్ స్ట్రాలెన్‌లతో కలిసి, ప్రవర్తన మార్చే పద్ధతుల మీద అప్పటిదాకా ఉన్న 19 చట్రాలను పరిశీలించి ఒక సాదా సూత్రం ముందుపెట్టాడు. దాన్ని కామ్-బి (COM-B: కేపబిలిటీ, ఆపర్చ్యునిటీ, మోటివేషన్, బిహేవియర్) అంటారు. ఏ పని జరగాలన్నా మూడు కావాలి: చేసే శక్తి, చేసే అవకాశం, చేయాలన్న కోరిక. శక్తిలో ఒంటి బలమూ తెలివీ రెండూ వస్తాయి. కోరికలో ఆలోచించి కోరుకునేదీ ఉంటుంది, ఆలోచించకుండా చెయ్యి బిస్కెట్ మీదికి పోయేదీ ఉంటుంది. అవకాశం అంటే చుట్టూ ఉన్న ఊరు, మనుషులు. ఇది చదివాక నా పాత కరపత్రాలన్నీ తీసి చూశాను. అన్నీ మొదటిదాని కోసమో మూడోదాని కోసమో రాసినవే. అవకాశం గురించి ఒక్క వాక్యం లేదు. కాగితం మీద రాస్తే వచ్చేది కాదు మరి.

మా చిన్నమ్మకూ షుగర్ ఉంది. ఈ సంగతి ఇంతసేపూ చెప్పలేదు, ఎందుకంటే మా ఇంట్లో కూడా ఎవరూ చెప్పరు. ఆమెకు చక్కెర మీద మోజు లేదు, నడవాలని కోరికుంది, ఎందుకు నడవాలో తెలుసు. పొద్దున ఐదున్నరకు చిన్నాయన క్యాంపస్‌కు వెళ్తే ఆమె మనవడి టిఫిన్ బాక్స్ దగ్గరుంటుంది. సాయంత్రం వెళ్దామంటే ఫుట్‌పాత్ మీద బండ్లు, బండ్లు లేనిచోట తవ్విన గుంత, గుంత దాటితే కుక్కలు. దీపం వెలగని సందు ఒకటుంది. ఆమెకు 'నడవండి' అని చెప్పిన కరపత్రం అచ్చయింది నా చేతుల మీదుగానే. ఒకరోజు అది మడతపెట్టి పప్పు డబ్బా కింద వేసి ఉండటం చూశాను. నాకు కోపం రాలేదు.

1986లో కెనడాలోని ఒటావాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన చార్టర్ ఈ మాటే అన్నది. జనానికి చెప్పడంతో సరిపెట్టకుండా మంచి ఎంపిక తేలికైన ఎంపిక అయ్యేలా చుట్టూ ఉన్నదాన్ని మార్చాలన్నది. మన దగ్గర అలా జరిగినవీ ఉన్నాయి. 2018 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన కంటి వెలుగు పథకంలో కళ్ళు ముఖ్యమని ఉపన్యాసాలిచ్చి ఊరుకోలేదు. క్యాంపు పేటకు వచ్చింది, చూశారు, దగ్గరి చూపు అద్దాలు అక్కడే చేతిలో పెట్టారు. బస్తీ దవాఖానాలు కూడా అదే ఏడాదివి. బీపీ చూపించుకోవడానికి రెండు బస్సులు మారక్కర్లేదంటే, వాయిదా వేసే కారణం ఒకటి తగ్గినట్టే. బహిరంగ స్థలాల్లో పొగతాగరాదన్న నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు ఆర్టీసీ బస్సులో ఎవరైనా బీడీ ముట్టిస్తే పక్కవాడే లేచి అడుగుతాడు.

ఇదంతా తలకెక్కాక నేను చిన్నాయనకు టీ మానమని చెప్పడం మానేశాను. బదులుగా బండి అతన్ని అడిగాను, చక్కెర లేని టీ ఎందుకు పెట్టవని. "అడిగితే వేరే పెడతా అన్నా, పది నిమిషాలు పడ్తది" అన్నాడు. పది నిమిషాలు ఎవరాగుతారు? అందుకే ఎవరూ అడగరు, ఎవరూ అడగరు కాబట్టి అతను పెట్టడు. ఆ కుర్చీల్లో పొద్దున కూర్చునే ముసలివాళ్ళలో నలుగురికి షుగరని నాకు తెలుసు. నలుగురితో మాట్లాడాను. రోజూ ఆరుంబావుకు నాలుగు టీలు ఖాయమని బండి అతనికి చెప్పాను. అతను గొణిగాడు గానీ లెక్క వేసుకున్నాడు.

ఇప్పుడు ఆ బండి మీద రెండు ఫ్లాస్కులున్నాయి. ఒకదాని మూతకు ఎర్ర రబ్బరు బ్యాండు, అది చక్కెర లేనిది. చిన్నాయన వెళ్ళి కూర్చోగానే అడక్కుండానే అందులోంచి పోస్తాడు. మొదటి రోజు ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "ఇది టీ కాదు, కషాయం" అన్నాడట. అయినా తాగాడు. పక్కన ముగ్గురూ తాగుతున్నారు మరి. ఉస్మానియా బిస్కెట్ మాత్రం అలాగే ఉంది. ఆ సీసా ఆయన కుర్చీకి చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంటుంది.